శ్రామికుల వకీలు - వరాహగిరి వేంకటగిరి

గంజాము మండలమున బరంపురమను పట్టణము కలదు. ఇప్పుడది ఒడిశా రాష్ట్రములోనిది. పూర్వము మద్రాసు రాజధానిలో చేరియుండెను. అచ్చట 1894 ఆగస్టు 10వ తేదీన వరాహగిరి వేంకటగిరి జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులు వకీలు, తల్లి సుభద్రమ్మ. గిరి కూడ న్యాయశాస్త్రమును అభ్యసింపదలచి 1913లో ఐర్లండు దేశమందలి డబ్లిన్ నగరమునకు వెళ్ళిరి.

ఆనాడు ఐర్లండు కూడ మన దేశమువలెనే ఆంగ్లేయుల ఏలుబడిలో నుండెను. గిరి అచ్చటకు చేరిన సంవత్సరముననే డబ్లిన్ నగరపు యజమానులు, సంఘములో చేరిన కార్మికులను పనిలోనికి రానీయక తలుపులు మూసివేసిరి. వేలకొలది కుటుంబములు నెలల తరబడి ఆకలికి గురియయ్యెను. న్యాయవిద్యార్థికి పుస్తకములలో దొరకని పాఠమిది. 1916లో ఆ దేశమున తిరుగుబాటు చెలరేగెను. విప్లవకారులతో సంబంధము కలదను అనుమానముపై ప్రభుత్వము గిరిని దేశము విడిచి పొమ్మనెను.

స్వదేశమునకు వచ్చి గిరి బరంపురమున వకీలువృత్తి నారంభించిరి. కాని గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపు నీయగా ఆ వృత్తిని విడిచిరి. 1922లో కల్లుదుకాణముల యెదుట పికెటింగు జరిపి చెరసాలకు కూడ వెళ్ళిరి. వారు కోర్టును విడిచిరే కాని చట్టమును విడువలేదు.

అప్పటికి కార్మికసంఘములకు చట్టరీత్యా రక్షణ లేదు. 1920 ప్రాంతమున మద్రాసులోని మిల్లు యజమానులు, సంఘనాయకుడైన బి. పి. వాడియా మొదలగువారిపై హైకోర్టులో వ్యాజ్యము వేసి నిషేధపుటుత్తర్వు పొందిరి. కూలివారి పక్షమున మాటలాడుటయే నేరమువలె నుండెను! 1926లో కార్మికసంఘముల చట్టము వచ్చిన పిమ్మటనే నమోదైన సంఘములకు కొంత రక్షణ లభించెను. ఆ సంవత్సరముననే గిరి అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

మరుసటి యేట వారు జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. ఆ సభను నడపు సంస్థ 1919లో ఏర్పడినది. అందు ప్రభుత్వము, యజమానులు, కార్మికులు - మూడు పక్షములవారును కూర్చుందురు. దీనికొక కారణము కలదు. ఒక దేశము కూలి తగ్గించి, పనిగంటలు పెంచి, సరకును చౌకగా అమ్మినచో, కూలివారిని చక్కగా చూచుకొను దేశము వర్తకములో నష్టపోవును. కావున పనివారి రక్షణకు అన్ని దేశములకును కొన్ని ఉమ్మడి నియమములుండవలెను.

1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పెక్కుమంది పనివారిని తొలగించెను. కలకత్తానుండి బరంపురము మీదుగా వాల్తేరునకు పోవు రైలుమార్గము ఈ కంపెనీదే. తొలగింపబడిన వారికై గిరి సమ్మె నడపిరి. హింసకు తావీయలేదు. తుదకు కంపెనీయు ప్రభుత్వమును దిగివచ్చి కోర్కెల నంగీకరించెను.

1937లో మద్రాసు రాష్ట్రమునకును, 1952లో కేంద్రమునకును గిరి కార్మికమంత్రి యైరి. తగవులను కోర్టులకెక్కించుట వారికి సమ్మతము కాదు. తీర్పు వచ్చిన పిమ్మట ఓడినవారి మనస్సులో కసి మిగులును. ఇరుపక్షములు కూర్చుండి తామే కుదుర్చుకొన్న ఒప్పందము నిలుచును. వకీలు కుమారుడై, తానును వకీలై యుండియు వారిట్లు తలచుట విశేషమే. ఈ పద్ధతికి గిరి మార్గమనియే పేరు వచ్చెను.

అట్టి గిరియే 1954లో ఒక తీర్పుకొరకు పదవిని వదలిరి. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగవుపై అప్పీలు ట్రిబ్యునలు నిర్ణయ మొసగెను. బ్యాంకులకు భారమగునని ప్రభుత్వము ఉద్యోగులకు లభించిన ప్రయోజనములలో కొన్నింటిని తగ్గించెను. కోర్టునకు పొమ్మని పనివారికి చెప్పి, వారు గెలిచిన పిమ్మట తీర్పును మార్చుట ధర్మము కాదని గిరి రాజీనామా నిచ్చిరి. అంతట ప్రభుత్వము పునఃపరిశీలనకై ఒక కమిషనును నియమించెను. 1955లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి, ట్రిబ్యునలు నిర్ణయమును కొన్ని మార్పులతో అమలులోనికి తెచ్చెను.

తరువాత గిరి మూడు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగాను పనిచేసిరి. 1975లో భారతరత్న బిరుదమును పొందిరి. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో పరమపదించిరి. ఢిల్లీ చేరువ నోయిడాలో నున్న జాతీయ కార్మిక విద్యాసంస్థకు 1995లో వారి పేరు పెట్టిరి.