రాతి గొడ్డళ్లు వెతికిన రాబర్ట్ బ్రూస్ ఫూట్

మా ఊరి పోచమ్మ గద్దె కాడ నున్నటి నల్లరాయి ఒకటి ఉన్నది. ఒక దిక్కు అంచు గొడ్డలి తీరు ఉంటది. పిడుగుతో పాటు పడ్డదని మా తాత చెప్తడు, ఎవ్వరినీ ముట్టనియ్యడు. సైన్స్ ప్రదర్శనకు దాన్ని కాగజ్‌నగర్ తెస్తానని మీకు మాట ఇచ్చిన. అంతలో ఫూట్ గారి చరిత్ర చదివాను.

ఆయన 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 1858లో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు వైపు పని చేశారు. 1863 మే 30న పల్లవరం దగ్గర కంకర గుంతలో ఆయనకు చెక్కిన రాయి ఒకటి దొరికింది. అది పాత రాతియుగపు చేతిగొడ్డలి. దానికి కర్ర ఉండదు, చేత్తోనే పట్టుకొని వాడేది. మన దేశంలో అంత పాతకాలపు మనుషులున్నారని అప్పటిదాకా ఎవరికీ తెల్వదు. అదే ఏడు విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో ఇంకెన్నో కనుగొన్నారు. అక్కడి పనిముట్లు సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మన సింగరేణికి మొదలైన ఇల్లందు బొగ్గును 1871లో కనిపెట్టింది ఈ కింగ్ గారే.

ఫూట్ గారు తర్వాత బళ్లారి, కర్నూలు, అనంతపురం గుట్టలన్నీ తిరిగారు. బళ్లారి దగ్గర కొత్త రాతియుగం వాళ్లు గొడ్డళ్లు చేసిన చోటు చూశారు. నల్లరాయిని ముందు చెక్కి, తర్వాత బండ మీద నూరి నున్నగ చేసేవాళ్లు. సేలం దగ్గరి షెవరాయ్ కొండల్లో గిరిజనులు అటువంటి గొడ్డళ్లను చిన్న గుళ్లలో పెట్టి మొక్కేవాళ్లు. అది కూడా ఆయన రాసిపెట్టారు.

ఆయన ఏరిన రాళ్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ప్రతి రాయికి అది దొరికిన ఊరు రాసి ఉంచారు. అదే ఆయన గొప్పతనం. చోటు తెల్వని రాయి ఒట్టి రాయే. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన కన్నుమూశారు.

దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దేశపు క్రాహో గిరిజనులకు నెలవంక తీరు రాతి గొడ్డలి ఒకటి పవిత్రం. అది సావోపాలో మ్యూజియంలోకి పోతే, వాళ్లు పట్టుబట్టి 1986లో తిరిగి తెచ్చుకున్నారు.

అందుకే మిత్రులారా, నా మాట తప్పుతున్న. ఆ రాయిని తేను. అది గొడ్డలి అయితే దాని చోటు పోగొట్టినట్టయితది. దేవుడైతే తాత మనసు నొచ్చుకుంటది. గద్దె కాడనే కూర్చొని బొమ్మ గీసి, ఊరు, వాగు, చెట్టు గుర్తులన్నీ రాసి తెస్త. మీరూ మీ ఊర్లల్ల చూసి రాయండి.