ఫ్రెడ్డీ మెర్క్యురీ

ఫ్రెడ్డీ మెర్క్యురీ (సెప్టెంబర్ 5, 1946 – నవంబర్ 24, 1991) బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ రాక్ గాయకుడు, గీత రచయిత, పియానో వాద్యకారుడు. క్వీన్ అనే సంగీత బృందానికి ప్రధాన గాయకుడు. ఇతని అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. విస్తృతమైన గాత్రానికి, వేలాది ప్రేక్షకులను తనతో కలిసి పాడించగల నేర్పుకు ఇతడు పేరు పొందాడు. ఎయిడ్స్ వ్యాధితో 45 ఏళ్ళ వయసులో మరణించిన ఈయనను అభిమానులు నేటికీ స్మరించుకుంటున్నారు.

బాల్యము, విద్యాభ్యాసము

ఫ్రెడ్డీ ఆఫ్రికా తూర్పు తీరానికి చేరువలోని జాంజిబార్ ద్వీపంలో, స్టోన్ టౌన్ పట్టణంలో ఒక పార్శీ కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు జెర్, బోమీ బుల్సారాలు. వీరి పూర్వీకులది గుజరాత్ ప్రాంతం. బుల్సార్ (నేటి వల్సాడ్) పట్టణం పేరు మీదుగానే వీరికి ఆ ఇంటిపేరు వచ్చింది. తండ్రి బ్రిటిష్ వలస ప్రభుత్వంలో ఉద్యోగి.

ఫ్రెడ్డీ బాల్యంలో అధిక భాగం భారతదేశంలోనే గడిచింది. మహారాష్ట్రలోని పంచగని పట్టణంలో ఉన్న సెయింట్ పీటర్స్ పాఠశాల వసతి గృహంలో ఉండి చదువుకున్నాడు. అక్కడే పియానో అభ్యసించి, తోటి విద్యార్థులతో కలిసి హెక్టిక్స్ అనే బృందాన్ని ఏర్పరచాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం చెలరేగడంతో ఈ కుటుంబం ఇంగ్లాండుకు వలస వెళ్ళి, లండన్ సమీపంలోని ఫెల్తమ్‌లో స్థిరపడింది. తరువాత ఇతడు ఈలింగ్ కళాశాలలో గ్రాఫిక్ కళను అభ్యసించాడు.

సంగీత జీవితము

1970లో బ్రయన్ మే, రోజర్ టేలర్‌లతో కలిసి ఫ్రెడ్డీ క్వీన్ బృందాన్ని ప్రారంభించాడు. బృందానికి ఆ పేరు పెట్టినదీ, దాని చిహ్నాన్ని రూపొందించినదీ ఇతడే. 1971లో జాన్ డీకన్ వీరితో చేరాడు. 1975లో వెలువడిన బొహీమియన్ రాప్సొడీ ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దాదాపు ఆరు నిమిషాల నిడివి గల ఈ గీతం రాక్ సంగీతాన్ని ఒపేరా పద్ధతితో మేళవించి, బ్రిటన్‌లో తొమ్మిది వారాల పాటు ప్రథమ స్థానంలో నిలిచింది.

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల సహాయార్థం లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. అందులో క్వీన్ బృందం సుమారు ఇరవై నిమిషాల పాటు ఇచ్చిన ప్రదర్శన రాక్ చరిత్రలోని ఉత్తమ ప్రదర్శనలలో ఒకటిగా పరిగణింపబడుతోంది. ఫ్రెడ్డీ ఈ బృందంతో కలిసి పాల్గొన్న చివరి కచేరీ 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో జరిగింది.

అనారోగ్యము, మరణము

1987లో ఫ్రెడ్డీకి హెచ్.ఐ.వి. సోకినట్లు నిర్ధారణ అయింది. ఆనాడు ఈ వ్యాధికి సమర్థమైన చికిత్స లేదు. వ్యాధిగ్రస్తులను సమాజం భయంతోనూ, ఏహ్యభావంతోనూ చూసేది. అందువలన సన్నిహితులకు తప్ప ఇతరులకు ఈ విషయం తెలియనీయలేదు. ఆరోగ్యం క్షీణిస్తున్నప్పటికీ పాటలు రికార్డు చేయడం మానలేదు. 1991 మేలో ఇతడు చివరిసారిగా వీడియో చిత్రీకరణలో పాల్గొన్నాడు. కృశించిన రూపం స్పష్టంగా కనబడకుండా ఆ వీడియోను నలుపు తెలుపులలో విడుదల చేశారు.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉన్నట్లు ఫ్రెడ్డీ ప్రకటన విడుదల చేశాడు. మరుసటి రోజు సాయంత్రం లండన్‌లోని స్వగృహం గార్డెన్ లాడ్జిలో, ఎయిడ్స్ కారణంగా వచ్చిన న్యుమోనియాతో మరణించాడు. వ్యాధి వార్త, మరణ వార్త ఒకదాని వెంట ఒకటి రావడంతో అభిమానులు దిగ్భ్రాంతికి గురయ్యారు. అంత్యక్రియలు కొద్దిమంది బంధుమిత్రుల సమక్షంలో జొరాస్ట్రియన్ మత సంప్రదాయం ప్రకారం జరిగాయి. అనంతరం కెన్సల్ గ్రీన్‌లో దహనం చేశారు.

అభిమానుల సంతాపము

చితాభస్మాన్ని చిరకాల స్నేహితురాలు మేరీ ఆస్టిన్‌కు అప్పగించారు. దానిని ఎక్కడ ఉంచినదీ ఫ్రెడ్డీ కోరిక మేరకు ఆమె వెల్లడించలేదు. పూలు ఉంచడానికి సమాధి లేకపోవడంతో గార్డెన్ లాడ్జి ప్రహరీగోడే అభిమానులకు స్మారక స్థలం అయింది. వివిధ దేశాల నుండి వచ్చినవారు అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచి, గోడ మీదా, తలుపు మీదా తమ సందేశాలు వ్రాసేవారు. తరువాతి కాలంలో ఆ రాతలను తొలగించారు.

1991 డిసెంబరులో బొహీమియన్ రాప్సొడీ బ్రిటన్‌లో మళ్ళీ విడుదలై రెండవసారి ప్రథమ స్థానం పొందింది. ఆ ఆదాయాన్ని ఎయిడ్స్ బాధితుల కొరకు పనిచేసే టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టుకు ఇచ్చారు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో జరిగిన సంస్మరణ కచేరీకి సుమారు 72,000 మంది హాజరయ్యారు. డేవిడ్ బోవీ, ఎల్టన్ జాన్, జార్జ్ మైకేల్ మొదలగువారు అందులో పాడారు. ఎలిజబెత్ టేలర్ ఎయిడ్స్ నివారణ గురించి ప్రసంగించింది. ఈ కచేరీ ఆదాయంతో మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు ఏర్పడింది. దాచి ఉంచవలసి వచ్చిన వ్యాధి గురించే ఇతని పేరు మీద బహిరంగంగా చర్చ జరగడం ఈ సంతాపంలోని విశేషం.

స్మారక చిహ్నాలు

ఫ్రెడ్డీ చివరి పాటలలో కొన్నింటిని రికార్డు చేసిన స్విట్జర్లాండ్‌లోని మాంత్రో పట్టణంలో, జెనీవా సరస్సు ఒడ్డున ఇతని కాంస్య విగ్రహాన్ని 1996 నవంబర్ 25న ఆవిష్కరించారు. శిల్పి ఇరేనా సెడ్లెట్‌స్కా. ఏటా సెప్టెంబరులో అభిమానులు ఇక్కడికి చేరి జన్మదినాన్ని జరుపుకుంటారు. 2016లో ఫెల్తమ్‌లోని ఇతని పాత ఇంటికి నీలి ఫలకం అమర్చారు. ఇతని జీవితం ఆధారంగా 2018లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ చిత్రంలో ఈ పాత్ర ధరించిన రామీ మాలిక్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ పురస్కారం లభించింది.