గాజుతొట్టిలో సముద్రం: ఫిలిప్ హెన్రీ గాస్

సముద్రానికి రోడ్డు మీద మూడువందల కిలోమీటర్లకు తక్కువకాని ఊళ్ళో కూర్చుని పగడాల గురించి రాస్తానంటే మీకు నవ్వు రావచ్చు. నారాయణగూడలో నా మిత్రుడొకడి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉండేది. ఒకరోజు వాడు నారింజరంగు పగడం ముక్క ఒకటి తెచ్చి అందులో పెట్టాడు. సన్ కోరల్ అంటారు దాన్ని. నేను జువాలజీ చదువుతున్నవాణ్ణి కదా, సలహా అడిగాడు. పగడాలకు వెలుతురే తిండి అని నోట్సులోని ముక్క అప్పజెప్పి ఇంకో దీపం పెట్టించాను. మూడు నెలల్లో కండ కరిగిపోయి తెల్లటి రాతిగూడు మిగిలింది.

తప్పు నాది. చాలా పగడాల ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది. ఎండ తగిలితే అది వండి పెడుతుంది. సన్ కోరల్‌కు ఆ వంటమనిషి లేదు. చీకటిపడ్డాక అది చేతులు చాచినప్పుడు, ఒక్కొక్క నోటికీ రొయ్యతునకో, ఆర్టీమియానో అందించాలి. పెట్టకపోతే ఆకలితో చస్తుంది. ఎక్కువ పెడితే మిగిలింది కుళ్ళి నీరు పాడై చస్తుంది. పసిబిడ్డను సాకడమే నయం.

సిగ్గుపడి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయాను. అశోక్‌నగర్ గదుల నుంచి వచ్చిన గ్రూప్-1 అభ్యర్థుల మధ్య సందు చేసుకుని చదువుతుంటే గాస్ పేరు తగిలింది. అక్కణ్ణుంచి ఆయన్ని వదల్లేదు.

గాస్ 1810లో ఇంగ్లండులోని వూస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న బొమ్మలు గీసి బతికే చిత్రకారుడు. ఇంట్లో లేమి. పదిహేడేళ్ళకే ఓడెక్కి న్యూఫౌండ్లాండులో గుమాస్తాగా చేరాడు. తర్వాత కెనడాలో సేద్యం చేసి నష్టపోయాడు. అలబామాలో బడిపంతులుగా ఉన్నాడు. 1844 నుంచి 46 దాకా జమైకాలో పక్షుల వెంట తిరిగాడు. మనిషి ఎలాంటివాడంటే, 1849లో కొడుకు ఎడ్మండ్ పుట్టిన రోజు డైరీలో ఆ సంగతీ, జమైకా నుంచి ఆకుపచ్చ స్వాలో పక్షి చేరిన సంగతీ పక్కపక్కనే రాసుకున్నాడు!

పని ఎక్కువై ఒళ్ళు చెడితే 1852లో డెవన్ సముద్రతీరానికి వెళ్ళాడు. ఆయన పేరు నిలిచింది అక్కడే. నీటిలో మొక్కలుంటే జంతువులకు ప్రాణవాయువు అందుతుందని రసాయనవేత్త వారింగ్టన్ మంచినీటి తొట్టిలో చూపించి ఉన్నాడు. గాస్ దాన్ని ఉప్పునీటిలో సాధించాడు. 1853లో లండను జూలో తెరిచిన చేపల ఇంటికి జీవాలు పంపాడు. 1854లో ది అక్వేరియం అనే పుస్తకం వేశాడు. ఆ మాట ఇంటింటికీ పాకింది దానితోనే. అదే ఏడు నాలుగు లవణాలు కలిపి కృత్రిమ సముద్రజలం చేసే లెక్క ప్రకటించాడు. నా మిత్రుడు పాకెట్టు చింపి బకెట్లో కలిపిన ఉప్పుకు తాత అదే.

ఏ మాటకామాటే, పగడాన్ని ఇంట్లో బతికించడంలో ఆయనే మొదటివాడు కాదు. అన్నా థిన్ అనే ఆవిడ 1846లోనే టార్కీ నుంచి కప్పు పగడాలను లండనుకు తెచ్చింది. అవీ నాచులేని జాతే. ఆవిడ ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి, ఆ నీటికి గాలి తగిలేలా ఒక పాత్రలోంచి ఇంకోదాన్లోకి పోస్తూ ఉండేది. ఆ పనిమనిషి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. అన్నా థిన్ రాసిన వ్యాసం 1859లో గాస్ వ్యాఖ్యలతోనే అచ్చయింది.

డెవన్ రాళ్ళ చాటున దొరికిన ఎరుపు బంగారు రంగుల చిన్న పగడానికి 1853లో బలనోఫిలియా రీజియా అని పేరు పెట్టింది గాసే. మన సన్ కోరల్‌ది కూడా అదే కుటుంబం. అప్పటికి నాచు సంగతి ఎవరికీ తెలియదు. ఆయన చేసిందల్లా గంటలకొద్దీ గాజుపాత్ర ముందు కూర్చుని, ఆ ప్రాణి ఏం చేస్తోందో చూడడం, చూసింది గీసుకోవడం. నేను ఒక్క రాత్రి అలా కూర్చుని ఉంటే సరిపోయేది.

1857 ఆయనకు చెడ్డ ఏడు. ఫిబ్రవరిలో భార్య ఎమిలీ క్యాన్సర్‌తో పోయింది. సృష్టినీ శిలాజాలనూ పొందించాలని రాసిన ఆంఫలోస్ పుస్తకాన్ని అటు శాస్త్రజ్ఞులూ ఒప్పుకోలేదు, ఇటు భక్తులూ మెచ్చలేదు. ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకుని టార్కీ పక్కన సెయింట్ మేరీచర్చ్‌కు మారిపోయాడు. సముద్రపుష్పాల మీదా పగడాల మీదా తన గొప్ప గ్రంథాన్ని అక్కడే 1860లో ముగించాడు.

అసలు దెబ్బ ఇంకోటి ఉంది. ఆయన పుస్తకాలు చదివి జనం సుత్తులూ జాడీలూ పట్టుకుని తీరానికి ఎగబడ్డారు. ఆయన మోకాళ్ళ మీద వంగి చూసిన రాతిమడుగులు కొన్నేళ్ళలోనే బోసిపోయాయి. అందుకు తన పుస్తకాలే కారణమని తండ్రి ఎంత బాధపడ్డాడో ఎడ్మండ్ 1907లో ఫాదర్ అండ్ సన్‌లో రాశాడు. ఆ పుటలు చదివాక నాకు చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

మన దేశంలో రాతిపగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఆ సంగతి మా మిత్రుడికి తెలియదు. చెప్పొద్దూ, జువాలజీ విద్యార్థినైన నాకూ తెలియదు.

గాస్ 1888 ఆగస్టులో పోయాడు. చివరి ఏళ్ళలో సముద్రం మాని, నీటిచుక్కల్లో ఉండే రోటిఫర్లను సూక్ష్మదర్శినిలో చూస్తూ గడిపాడు. నారాయణగూడ తొట్టి ఇప్పుడు మంచినీటిదయింది. గప్పీలున్నాయి. నేను పెట్టించిన రెండో దీపం తీసేశాం.