రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు

పాలంపేట: రామప్ప గుడిని జనం శిల్పి పేరుతో పిలుస్తారు. కట్టించినవాడు మాత్రం కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు.

గణపతిదేవుడు దేవగిరి యాదవులకు బందీగా చిక్కిన రోజుల్లో సామంతులు తిరగబడ్డారు. రుద్రుడు వారిని అణచి రాజ్యాన్ని కాపాడాడు. గద్దె తాను ఎక్కలేదు. 1199 ప్రాంతంలో రాజు తిరిగి రాగానే ఆయనకే అప్పగించాడు.

1213లో ఇక్కడ రుద్రేశ్వరుని ప్రతిష్ఠించాడు. పునాదిలో ఇసుక నింపి, నక్షత్రాకారపు ఎత్తయిన అరుగుపై ఎర్ర ఇసుకరాతితో గుడి లేపారు. బరువు తగ్గేందుకు శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు. చూరు కింద నల్లరాతి నర్తకీమణులను నిలిపారు.

2021లో యునెస్కో ఈ గుడిని రుద్రేశ్వరాలయం పేరుతోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి దగ్గరి కాకతీయుల నాటి చెరువు కింద నేటికీ పొలాలు పండుతున్నాయి.