పేడు లేవని విల్లు

సొంతంగా చెక్కుకున్న వింటికి వీపున పేడు లేస్తే, లాగినప్పుడు అక్కడే విరుగుతుంది. దీనికి విరుగుడు తెలిసినవాడు అమెరికాలోని కాలిఫోర్నియా గిరిజనుడు ఇషీ. తెల్లవారి తుపాకులకు యాహీ తెగ నాశనమైంది. కొండల్లో దాగిన ఇషీ ఒక్కడే మిగిలి, 1911 ఆగస్టులో ఆకలితో ఓరోవిల్ ఊరికి చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఆశ్రయమిచ్చారు. ఇషీ అంటే మనిషి. అసలు పేరు ఎవరికీ చెప్పలేదు.

జింక నరాన్ని నమిలి మెత్తబరచి, చేపతోలు ఉడికించిన బంకతో వింటి వీపున అంటించేవాడు. ఆరాక ఆ పొర కర్రను పేడు లేవనిచ్చేది కాదు. పని లేనప్పుడు నారి దించి, విల్లును పడుకోబెట్టేవాడు. నిలబెడితే అలసిపోతుందని అతని నమ్మకం. వింటికీ విశ్రాంతి కావాలన్నమాట!

పక్క ఆసుపత్రి డాక్టరు సాక్స్‌టన్ పోప్‌కు ఈ విద్యంతా నేర్పాడు. 1916 మార్చి 25న క్షయతో మరణించగా, విల్లమ్ములు పక్కనే ఉంచి దహనం చేశారు.