ఊరూరా కథను పంచిన నాజర్

నేడు తెలుగు సినిమా అనగానే మనకు జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ గుర్తుకు వస్తాయి. స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు అక్కడే ఉన్నాయి. ఒకప్పుడు బరువైన రీళ్ల డబ్బాలలో ఉండిన సినిమా ఇప్పుడు అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కులోకి వచ్చేసింది. సెల్‌ఫోనులో ఒక మీట నొక్కితే 70 ఏళ్ల నాటి పాట కూడా వినవస్తోంది. అలా నేటి పిల్లలకు సైతం అందుతున్న పాత గొంతులలో షేక్ నాజర్ గారిది ఒకటి. కళ ఎవరి సొత్తు, అది ఎవరికి అందాలి అన్న ప్రశ్న ఈనాడు అందరి ముందూ ఉంది. నాజర్ గారి జీవితం దానికి ఏనాడో జవాబు చెప్పింది. ఈ వారం ఆయన జీవితాన్ని ఒకసారి తెలుసుకుందాం.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా తాడికొండకు సమీపంలోని పొన్నెకల్లులో జన్మించారు. తండ్రి మస్తాన్, తల్లి బీనాబీ. వారిది నిరుపేద దూదేకుల కుటుంబం. దూది ఏకి బతికే ఆ కులస్తులను లోకం చిన్నచూపు చూసిన రోజులవి. పింజారి అన్న మాటను తిట్టుగా వాడేవారు. నాజర్ గారు ఆ మాటను దాచుకోలేదు. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేసిన ఆత్మకథకు పెట్టిన పేరు అదే. అవమానంగా విసిరిన మాటే చివరకు ఒక గౌరవనీయుని చిరునామా అయింది.

ఆయనకు చిన్ననాటి నుంచీ పాటంటే ప్రాణం. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతం అభ్యసించారు. శాస్త్రీయ సంగీతం కొన్ని ఇళ్ల గడప దాటి బయటికి రాని కాలంలో, ఒక పేద ముస్లిం బాలునికి ఒక గురువు తలుపు తెరిచారు. తనకు దొరికిన విద్యను నాజర్ గారు తన దగ్గరే ఉంచుకోలేదు. ఎందరినో శిష్యులుగా తీర్చిదిద్దారు. ఒకరి దగ్గర పుచ్చుకున్నది పదిమందికి పంచడం ఆయన జీవిత సూత్రమైంది.

బుర్రకథ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. నడుమ కథకుడు భుజాన తంబురా, వేళ్లకు అందెలతో నిలబడతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతగాళ్లు డక్కీలు వాయిస్తారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు. మరొకరు కథను ఆనాటి రాజకీయాలకు ముడిపెడతారు. జంగాలు ఇంటింటా చెప్పుకుంటూ వచ్చిన కథలే ఈ కళకు మూలం. దీనికి తెర అక్కరలేదు, రంగస్థలం అక్కరలేదు. నాలుగు బాటలు కలిసే చోటు, ఒక దీపం ఉంటే చాలు. చదువు రానివారు, డబ్బు లేనివారు, పొలం నుంచి అలసి వచ్చినవారు అందరూ ఆ దీపం చుట్టూ చేరేవారు.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తరువాత నాజర్ గారు ఆ బాటలో నడిచారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం వంటి వీరగాథలను ఊరూరా వినిపించారు. బెంగాల్ కరువుకు లక్షల ప్రాణాలు బలైపోతే ఆ దుఃఖాన్ని కూడా కథగా మలిచారు. పత్రిక చదవలేని పల్లెకు ప్రపంచ వార్త అలా చేరింది. ఈ బలాన్ని గుర్తించినందువల్లనే ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనలను నిషేధించింది. తెలుసుకున్న జనం ప్రశ్నిస్తారన్న భయం ఏ కాలపు పాలకులకైనా ఉంటుంది.

1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రంలో నాజర్ దళం సీతారామరాజు బుర్రకథ చెప్పింది. ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన ఆ చిత్రాన్ని కోయంబత్తూరులోని పక్షిరాజా స్టూడియోవారు నిర్మించారు. అప్పటికి ఫిల్మ్ నగర్ లేదు. మన సినిమా ఎక్కువగా మద్రాసులోనే ఉండేది. నాజర్ గారు వేల రాత్రులు చెప్పిన కథలలో అధిక భాగం గాలిలో కలిసిపోయింది. సినిమా రీలు మీదికి ఎక్కిన ఆ కొద్ది నిమిషాలు మాత్రం నిలిచాయి.

1986లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. బుర్రకథ పితామహుడని ప్రజలు పిలుచుకున్నారు. 1997 ఫిబ్రవరి 22న ఆయన కన్నుమూశారు.

ఇక మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాపై హక్కు విడుదలైన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన అగ్గిరాముడు చిత్రంపై హక్కు 2014తో ముగిసింది. అందులోని పాటల రచనపై హక్కు వేరు. అది రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. నాజర్ గారు స్వయంగా రాసిన కథలకు ఆ గడువు 2057 చివరి వరకు ఉంది. కళాకారుని కుటుంబానికి నాలుగు మెతుకులు దొరకాలన్నదే చట్టం ఉద్దేశం. అది న్యాయమే. కథ విన్నవారు కథకుని కడుపు సంగతి మరచిపోరాదు.

అయితే గడువు తీరినంత మాత్రాన కళ జనానికి అందదు. నెగెటివ్ చెడిపోతే హక్కు ఎవరిదైనా ఒకటే. తొలి తెలుగు చిత్రంగా చెప్పుకునే 1921 నాటి భీష్మ ప్రతిజ్ఞ ఈనాడు చూద్దామన్నా లేదు. ఫిల్మ్ నగర్‌లో ఇప్పుడున్న యంత్రాలతో పాత రీళ్లను శుభ్రపరచి డిజిటల్ ప్రతులు తీయడం సాధ్యమే. లాభం వచ్చే చిత్రాలకే ఆ శ్రద్ధ దక్కితే నాజర్ వంటివారి గొంతులు మిగలవు. కొండ మీది పరిశ్రమ తన పునాదిలో ఊరి రచ్చబండ రాళ్లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

మన వంతు పని కూడా ఉంది. మన ఇళ్లలో పాత క్యాసెట్లు ఉంటాయి. వాటిలో తాతగారు చెప్పిన కథో, ఊళ్లో జరిగిన బుర్రకథో ఉండవచ్చు. టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఆలస్యం చేయకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందాం. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి పెడదాం. ఆ కళాకారులను, లేదా వారి పిల్లలను అడిగి, వారి అనుమతితో ఒక ప్రతిని దగ్గరలోని గ్రంథాలయానికి ఇద్దాం. నాజర్ గారు ఏ ఊరి నడిబొడ్డున నిలబడినా, వినవచ్చినవారిని నీదే కులం అని అడగలేదు. ఆయన పంచిన దాన్ని పదిలపరచి పదిమందికి అందించడమే మనం ఆయనకు ఇవ్వగల గౌరవం.