ఎడమచేతి పట్టుదల – ఎలిజబెత్ కాటన్



నేర్పే గురువు లేడు. కొన్న వాయిద్యం తన చేతివాటానికి సరిపడదు. అయినా పట్టుదలతో నేర్చుకుని, ఒక వాయించే పద్ధతికే తన పేరు వచ్చేలా చేసిన పనిమనిషి జీవితం ఇది. ఆమె పేరు ఎలిజబెత్ కాటన్.

ఆమె 1893 జనవరి 5న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, చాపెల్ హిల్ సమీపాన ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. అన్న పనికి వెళ్లగానే అతని బాంజో తీసి వాయించుకునేవారు. బాల్యంలోనే బడి మానేసి ఇళ్లలో పనికి కుదిరారు. నెలకు డాలరు లోపే జీతం. ఆ డబ్బు కూడబెట్టి 3.75 డాలర్లకు స్టెల్లా గిటారు కొనుక్కున్నారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆమెది ఎడమచేతి వాటం. గిటారేమో కుడిచేతి వాళ్ల కోసం చేసింది. మామూలుగా గిటారు పట్టుకుంటే మందపాటి తీగలు పైన, సన్నని తీగలు కింద ఉంటాయి. బొటనవేలు పైతీగల మీద లయ తప్పకుండా మంద్రస్వరం పలికిస్తుంటే, మిగతా వేళ్లు కింది తీగల మీద పాట వాయిస్తాయి. ఒకే చేతితో రెండు పనులు. ఈ పద్ధతి ఎవరికైనా కష్టమే. ఎలిజబెత్ తీగలు మార్చలేదు, గిటారునే తిప్పి పట్టుకున్నారు. దాంతో అంతా తలకిందులైంది. మంద్రస్వరం పని చూపుడువేలికి, పాట పని బొటనవేలికి వచ్చాయి. చూసి నేర్చుకోవడానికి ఎవరూ లేరు. సాధన చేసి చేసి తన వేళ్లకు తానే దారి వేసుకున్నారు. దానినే నేడు కాటన్ పికింగ్ అంటారు. గూడ్సు రైలు మీద ఆమె కట్టిన ‘ఫ్రైట్ ట్రైన్’ పాట కూడా ఆ చిన్న వయసులోదే.

తర్వాత పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. లౌకిక సంగీతం వదిలేయమని చర్చివారు చెప్పడంతో గిటారు పక్కన పెట్టేశారు. దశాబ్దాలు గడిచిపోయాయి. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తప్పిపోయిన ఒక చిన్నారిని తల్లికి అప్పగించారు. ఆ తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతోనే ఎలిజబెత్ వారింట పనికి చేరారు. ఆ ఇంటి గోడకు ఒక గిటారు వేలాడేది. ఒకరోజు ఆమె దాన్ని తీసి వాయించడం పిల్లలు విన్నారు. ఇన్నాళ్లూ తమకు వండిపెట్టిన మనిషిలో ఇంత విద్య ఉందని అప్పుడే వారికి తెలిసింది.

ఆ ఇంటి అబ్బాయి మైక్ సీగర్ ఆమె పాటలు రికార్డు చేశాడు. 1958లో తొలి ఆల్బమ్ వెలువడింది. 1960లో, అరవై ఏడేళ్ల వయసులో, ఆమె వేదికలెక్కడం మొదలుపెట్టారు. ఈలోగా ఒక అన్యాయం జరిగింది. ఆమె పాట ఇంగ్లండుకు చేరి, ఇతరుల పేరుతో నమోదై, 1957లో అక్కడ పెద్ద హిట్టయింది. సీగర్ కుటుంబం అండగా నిలిచి పోరాడాక గానీ రచయిత్రిగా ఆమెకు గుర్తింపు రాలేదు.

1985లో, తొంభై రెండేళ్ల వయసులో, గ్రామీ అవార్డు అందుకున్నారు. 1987 జూన్ 29న సిరక్యూస్ నగరంలో కన్నుమూశారు. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గిటారు నేర్చుకోవాలనుకునేవారు ముందు మంద్రస్వరం ఒక్కటే, మాటలాడుతున్నా లయ తప్పనంతగా సాధన చేయండి. తర్వాతే దానికి పాటను నెమ్మదిగా, ఒక్కొక్క స్వరంగా కలపండి. లెక్కలైనా, ఇంగ్లీషైనా ఇదే పద్ధతి. మనకు దొరికిన పుస్తకం పాతదే కావచ్చు, వసతి తక్కువే కావచ్చు. దాన్ని మన చేతికి అనువుగా తిప్పుకోవడం మన పని.

మరొక్క మాట. గోడ మీద ఆ గిటారు లేకపోతే ఎలిజబెత్ ప్రతిభ వంటగదిలోనే ఉండిపోయేది. మనకు రోజూ అన్నం వండిపెట్టే అక్కకు ఏ పాట వచ్చో, రాత్రి కాపలా కాసే అన్నకు ఏ విద్య తెలుసో మనం ఎప్పుడైనా అడిగామా? ఈ వార్షికోత్సవం నాడైనా అడుగుదాం.